వేసవి ఇంటర్న్‌షిప్ సినిమాల్లో చేయాలంటే: సెట్టా, ఎడిట్ రూమా, ఆఫీసా, మన ఊరేనా?

మార్చి వచ్చిందంటే అనంతపురం, ధర్మవరం, తాడిపత్రి, కదిరి వైపు పిల్లల నుంచి నాకు దాదాపు ఒకే మెసేజ్ వస్తుంటుంది. "అన్నా, ఈ సమ్మర్‌లో సినిమాల్లో ఇంటర్న్‌షిప్ చేయాలనుకుంటాండా, ఎవరైనా డైరెక్టర్ దగ్గర పెట్టిస్తావా?" నాది అనంతపురం, పని హైదరాబాద్‌లో, ఎడిటింగ్ వైపు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేదంతా ఒకచోట రాసి పెడితే కర్నూలు, కడప పిల్లలకు కూడా పనికొస్తుందని రాస్తున్నాను. డైరెక్టర్ దగ్గర పెట్టించడం కుదురుతుందా లేదా అన్నది తర్వాత. మీ దగ్గరున్న రెండు నెలలకు అది సరైన చోటేనా అన్నది ముందు చూడాలి.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తా. రెండు నెలలకు వెళ్లేవాళ్లు బ్యానర్ పేరు, హీరో పేరు చూసి చోటు ఎంచుకోవద్దు. అక్కడ మీకు పని చెప్పే మనిషి ఎవరు, ఆయనకు మీతో మాట్లాడే తీరిక ఉందా, మీ చేతికి ఏ పని వస్తుంది, అది రెండు నెలల్లో ఒక కొలిక్కి వస్తుందా, ఇవి చూసుకోండి. ఈ లెక్కన చూస్తే అందరూ మొదట అడిగే డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ చాలామందికి వెనక్కి పోతుంది, ఎడిట్ రూమ్, ఎవరూ అడగని ప్రొడక్షన్ ఆఫీసు ముందుకొస్తాయి. అందరికీ అని చెప్పను, ఎవరికి ఏది సరిపోతుందో కింద చెప్తాను.

ఇంకో మాట, ఇది కాలేజీ కోసమా మీ కోసమా అన్నది తేల్చుకోండి. మన రాష్ట్రంలో డిగ్రీ వాళ్లకు రెండో సంవత్సరం అయ్యాక వేసవిలో ఇంటర్న్‌షిప్ పెట్టారు, బీటెక్ వాళ్లకూ ఉంది. దానికి లెటర్‌హెడ్ మీద లెటర్, లాగ్ బుక్, సంతకాలు, చివర్లో సర్టిఫికెట్ కావాలి. సినిమా వాళ్లు అందరూ ఇవన్నీ ఇచ్చే రకం కాదు. మీ కోర్సుకు సంబంధం ఉన్న పనే చేయాలని కొన్ని కాలేజీలు పట్టుబడతాయి కూడా. బీకాం కుర్రాడు క్లాప్ కొట్టి వచ్చానంటే మెంటర్ సంతకం పెట్టకపోవచ్చు, అదే కుర్రాడు ప్రొడక్షన్ అకౌంట్స్ చూశానంటే పెడతారు. మీ డిపార్ట్‌మెంట్‌లో ముందే అడిగి, వీలైతే రాతపూర్వకంగా ఒప్పించుకుని అప్పుడు బస్సెక్కండి.

సెట్, అంటే డైరెక్షన్ డిపార్ట్‌మెంట్

అందరి మనసూ ఇక్కడే ఉంటుంది, నాకు అర్థమవుతుంది. కెమెరా, క్రేన్, హీరో, "యాక్షన్" అనే మాట, వీటికి దగ్గరగా నిలబడాలని ఎవరికి ఉండదు? కానీ అక్కడ వరుస ఎలా ఉంటుందో తెలుసుకోండి. డైరెక్టర్ కింద కో-డైరెక్టర్, ఆ కింద అసోసియేట్లు, ఆ కింద అసిస్టెంట్లు నలుగురైదుగురు, వాళ్లలో చిన్నవాడికి క్లాప్, ఇంకొకరికి కంటిన్యూయిటీ (షాట్‌కు షాట్‌కు బట్టలు, వస్తువులు మారకుండా రాసుకోవడం), ఇంకొకరికి ఆర్టిస్టుల్ని కారవాన్ నుంచి పిలుచుకుని రావడం, జూనియర్ ఆర్టిస్టుల్ని ఫ్రేమ్‌లో సర్దడం. ఈ పనులకు ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నవాళ్లు హైదరాబాద్ కృష్ణానగర్ నిండా ఉన్నారు. మీరు రెండు నెలల్లో వెళ్లిపోతారని తెలిసిన కో-డైరెక్టర్ మీ చేతికి కంటిన్యూయిటీ పుస్తకం ఇవ్వడు, ఇవ్వకపోవడంలో తప్పూ లేదు. ఆ పుస్తకంలో ఒక్క రోజు తేడా వస్తే, మూడు నెలల తర్వాత తీసే సీన్‌లో హీరో చేతి గడియారం మారిపోతుంది, దాన్ని ఎడిట్ రూమ్‌లో కూర్చుని మేము తిట్టుకుంటూ దాచాలి.

అంటే మీరు ఎక్కువ రోజులు నిలబడి చూస్తారు. ఉదయం 6 గంటల కాల్‌షీట్ అంటే 4 గంటలకు లేవాలి, మే నెల ఎండలో అవుట్‌డోర్ అంటే మన సీమ పిల్లలకు కూడా పరీక్షే. చూడటం వల్ల ఏమీ రాదని అనను. ఒక సీన్‌ను ఎన్ని షాట్లుగా విడగొడుతున్నారు, లైటింగ్‌కు ఎంత సమయం పోతోంది, వర్షం పడితే మేనేజర్ ఎవరికి ఫోన్ చేస్తాడు, ఇవన్నీ కళ్లతో చూస్తేనే తెలుస్తాయి. కానీ దాన్ని రాసుకునే అలవాటు ఉన్నవాళ్లకే అది మిగులుతుంది, లేకపోతే నాలుగు ఫొటోలు మిగులుతాయి, అవి కూడా బయట పెట్టకూడదు.

రెండో ఇబ్బంది టైమింగ్. మీకు మే, జూన్ నెలలే ఉన్నాయి, సినిమాకు అలాంటి పట్టింపు లేదు. హీరో డేట్లు మారతాయి, ఫైనాన్స్ ఆగుతుంది, షెడ్యూల్ వెనక్కి జరుగుతుంది. 2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలని సినీ కార్మికుల ఫెడరేషన్ పట్టుబట్టినప్పుడు రెండు వారాలకు పైగా షూటింగులు ఆగిపోయాయి. అలాంటిది మీ ఇంటర్న్‌షిప్ మధ్యలో వస్తే లాగ్ బుక్‌లో ఏం రాస్తారు? అందుకే సెట్‌కే వెళ్లాలని గట్టిగా ఉంటే పెద్ద సినిమా వద్దు. ఇరవై ఐదు, ముప్పై రోజుల్లో ఒకే షెడ్యూల్‌లో ముగించే చిన్న సినిమా, వెబ్ సిరీస్, లేదంటే యాడ్ ఫిలింస్ తీసే కంపెనీ చూడండి. చిన్న యూనిట్‌లో మనుషులు తక్కువ, అక్కడ క్లాప్ మొదటి వారంలోనే మీ చేతికి రావచ్చు. యాడ్ కంపెనీలో అయితే ప్రిపరేషన్, షూట్, ఎడిట్ అన్నీ కొద్ది వారాల్లోనే అయిపోతాయి, రెండు నెలల్లో మొదలు నుంచి చివరి దాకా చూసే అవకాశం అక్కడే ఎక్కువ.

మన సీమ పిల్లలకు సెట్‌లో ఒక బలం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. సీమ నేపథ్యం ఉన్న కథలు ఎన్ని వస్తున్నా, యాస మాత్రం తరచూ ఎక్కడిదో తెలియని కలగాపులగంగా ఉంటుంది. కడప మాట వేరు, హిందూపురం వైపు కన్నడం కలిసిన మాట వేరు, కర్నూలు మాట వేరు, ఇది మనకు పుట్టుకతో తెలుసు, వాళ్లకు తెలియదు. మీరు డైరెక్షన్ టీమ్‌కు మెయిల్ పెట్టేటప్పుడు "నేర్చుకోవాలని ఆసక్తి ఉంది" అని రాస్తే వందమందిలో ఒకరు. వాళ్ల కథ మన వైపు నడుస్తోందని తెలిసినప్పుడు "మాది జమ్మలమడుగు, డైలాగులు మా ఊరి మాటలోకి సరిచేసి పెట్టగలను, ఇదిగో ఒక పేజీ నమూనా" అని రాయండి, కనీసం చదువుతారు. డబ్బింగ్ సమయంలో కూడా ఇలాంటి మనిషి అవసరం పడుతుంది, ఆ గదిలో ఆర్టిస్టు పక్కనే కూర్చుని డైలాగ్ పలుకు సరిదిద్దే పని రెండు వారాలు దొరికినా అది నిజమైన పని.

ఎడిట్ రూమ్, సౌండ్, వీఎఫ్ఎక్స్

నా పని ఇది కాబట్టి పక్షపాతం ఉందనుకోవచ్చు, కారణాలు చదివి మీరే తేల్చుకోండి.

ఎడిటింగ్‌లో కొత్తగా వచ్చినవాళ్లకు ఇచ్చే పని చిన్నదే, కానీ నిజమైన పని. సెట్ నుంచి హార్డ్ డిస్కులు వస్తాయి, ఫుటేజ్‌ను రెండు చోట్ల కాపీ చేయాలి, సరిగ్గా కాపీ అయిందో లేదో చూడాలి, సీన్ నంబర్, షాట్ నంబర్, టేక్ నంబర్ ప్రకారం సర్దాలి, విడిగా రికార్డ్ చేసిన సౌండ్‌ను క్లాప్ దెబ్బ చూసి విజువల్‌తో కలపాలి. మన దగ్గర ఇప్పటికీ చాలా సినిమాలకు సెట్‌లో పైలట్ సౌండ్ (ఆనవాలు కోసం తీసే సౌండ్) మాత్రమే తీసి తర్వాత డబ్బింగ్ చెప్పిస్తారు, ఆ పైలట్‌నే సింక్ చేసి ఎడిటర్‌కు అందించాలి. ఈ పని ఒక నెల చేస్తే ఒక సీన్‌కు డైరెక్టర్ ఎన్ని టేకులు తీశాడు, ఏ టేక్ ఎందుకు పనికి రాలేదు, ఏ షాట్ తీయడం మరిచిపోయారు, అన్నీ తెలిసిపోతాయి. డైరెక్టర్ కావాలనుకునే వాళ్లకు కూడా ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు. సెట్‌లో నిలబడితే ఒక రోజు తీసిన మూడు షాట్లు కనిపిస్తాయి, ఇక్కడ నెల రోజుల షూటింగ్ మొత్తం మీ ముందు పరిచి ఉంటుంది, అవి కలిసి సీన్ ఎలా అవుతుందో, కొన్నిసార్లు ఎందుకు కాదో కళ్ల ముందే కనిపిస్తుంది.

ఎడిటర్ దగ్గర అసిస్టెంట్లు ఒకరో ఇద్దరో ఉంటారు, గది చిన్నది, ఏసీ ఉంటుంది, మధ్యాహ్నం భోజనం కలిసి తింటారు, మాట్లాడే సమయం దొరుకుతుంది. నేను ముందు చెప్పిన, మీతో మాట్లాడే తీరిక ఉన్న మనిషి దొరికే చోటు ఇదే. ఇబ్బంది ఏమిటంటే ఆ గదిలోకి ఊరికే రానివ్వరు. విడుదల కాని సినిమా అంతా ఆ డిస్కుల్లోనే ఉంటుంది, లీకేజీ భయం చాలా ఎక్కువ, అందుకే తెలిసినవాళ్లు చెప్తే తప్ప పెద్ద సినిమాల ఎడిట్ సూట్‌లోకి ఇంటర్న్‌ను తీసుకోవడం అరుదు. ట్రైలర్లు, ప్రోమోలు, లిరికల్ వీడియోలు కట్ చేసే చిన్న స్టూడియోలు, యూట్యూబ్ ఛానెళ్లకు, వెబ్ సిరీస్‌లకు పనిచేసే ఎడిటర్లు తీసుకుంటారు. అక్కడ మొదలుపెట్టండి.

వెళ్లే ముందు చేతులు ఊపుకుంటూ వెళ్లొద్దు. డావించీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఒక మామూలు గేమింగ్ ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది, ఏప్రిల్‌లో పరీక్షల మధ్య దొరికే టైమ్‌లో రోజుకో గంట కూర్చున్నా కటింగ్, సింక్, ప్రాజెక్ట్ సర్దుకోవడం వచ్చేస్తాయి. ప్రీమియర్ ప్రో వస్తే మరీ మంచిది, పెద్ద సినిమాల్లో అవిడ్ కూడా వాడతారు, కానీ ఒకటి బాగా వచ్చినవాడికి ఇంకోటి వారంలో పట్టుబడుతుంది.

వీఎఫ్ఎక్స్, అంటే విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోలు వేరే రకం. అవి కంపెనీల్లా నడుస్తాయి, హెచ్ఆర్ ఉంటుంది, ఆఫర్ లెటర్ ఇస్తారు, సర్టిఫికెట్ ఇస్తారు, కొన్ని కొద్దిగా స్టైపెండ్ కూడా ఇస్తాయి. కాగితాల సంగతి చూస్తే అన్నిటికంటే తేలిక దారి ఇదే, బీటెక్, మల్టీమీడియా, ఫైన్ ఆర్ట్స్ పిల్లలకు బాగా సరిపోతుంది. కడపలో ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది కదా, అక్కడి పిల్లలు ముందు దీన్నే చూడాలి. కానీ కొత్తవాళ్లకు ఇచ్చేది ఎక్కువగా రోటో, పెయింట్ పనులు. ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ మనిషి అంచు గీయడం, వైర్లు చెరపడం. ఓపిక లేనివాళ్లు పది రోజుల్లో పారిపోతారు. ఈ పనుల్లోకే ఏఐ టూల్స్ వేగంగా వచ్చేస్తున్నాయి, కాబట్టి రోటో ఒక్కటే నేర్చుకుని రావడం తెలివైన పని కాదు, ఆ షాట్ కంపోజిటింగ్‌కు (విడివిడి బొమ్మల్ని ఒకే షాట్‌గా కలపడానికి) వెళ్లాక ఏం చేస్తున్నారో సీనియర్ దగ్గర నిలబడి చూడాలి. కంపోజిటింగ్‌కు వాడే న్యూక్‌కు వ్యాపారానికి వాడకూడదనే షరతుతో ఉచిత వెర్షన్ ఉంది, 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ పూర్తిగా ఉచితం, ఈ రెండూ ఇంట్లోనే ముట్టుకుని వెళ్లండి.

అనంతపురం, హిందూపురం వాళ్లు బెంగళూరు కూడా చూడొచ్చు. అనంతపురం నుంచి హైదరాబాద్ 350 కిలోమీటర్లు దాటుతుంది, బెంగళూరు 210 చిల్లరే, హిందూపురం నుంచి అయితే పొద్దున పోయి రాత్రికి తిరిగి రావచ్చు. యానిమేషన్, వీఎఫ్ఎక్స్, గేమింగ్ స్టూడియోలు అక్కడ చాలా ఉన్నాయి. కాకపోతే ఆ రంగం ఎంత కుదుపులకు లోనవుతుందో తెలుసుకుని వెళ్లండి. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే పెద్ద విదేశీ వీఎఫ్ఎక్స్ కంపెనీ కుప్పకూలినప్పుడు బెంగళూరులో వేల ఉద్యోగాలు రోజుల్లోనే పోయాయి. ఇంటర్న్‌షిప్‌కు అది అడ్డం కాదు, కెరీర్ లెక్క వేసుకునేటప్పుడు మాత్రం మనసులో ఉండాలి.

సౌండ్ గురించి ఎవరూ అడగరు, అందుకే అక్కడ పోటీ తక్కువ. డబ్బింగ్ థియేటర్లు, ఫోలీ (అడుగుల చప్పుడు లాంటివి స్టూడియోలో పుట్టించడం) చేసేవాళ్లు, మిక్సింగ్ స్టూడియోలు హైదరాబాద్‌లో చాలానే ఉన్నాయి. సంగీతం తెలిసినవాళ్లు, చెవి బాగున్నవాళ్లు ప్రయత్నించండి.

ప్రొడక్షన్ ఆఫీసు

బీకాం, బీబీఏ, ఎంబీఏ పిల్లలు దీన్ని చిన్నచూపు చూడటం నాకు బాధగా ఉంటుంది. మన తాడిపత్రిలో 1912లో పుట్టిన, మాయాబజార్ తీసిన కె.వి. రెడ్డి గారు సినిమాల్లోకి వచ్చింది డబ్బు లెక్కలు చూసే పని మీద. రోహిణీ పిక్చర్స్‌లో క్యాషియర్‌గా, తర్వాత వాహినీ అనే నిర్మాణ సంస్థలో ప్రొడక్షన్ మేనేజర్‌గా చేశారు, ఆ తర్వాతే మొదటి సినిమాకు దర్శకత్వం వహించారు. వాహినీ పెట్టిన బి.ఎన్. రెడ్డి గారు కడప జిల్లా పులివెందుల వైపు మనిషి. ఏ సీన్‌కు ఎంత ఖర్చవుతుందో, ఏ రోజు ఎవరు రావాలో, దేన్ని ఎంతలో ముగించాలో తెలిసిన మనిషి దర్శకుడైతే ఎలా ఉంటుందో మన జిల్లా కె.వి. రెడ్డి గారే చూపించారు.

ఆఫీసులో మీకు వచ్చే పని ఏమిటంటే, రోజువారీ ఖర్చుల షీట్, వోచర్లు, బేటా (రోజు ఖర్చులకు ఇచ్చే డబ్బు) లెక్కలు, జీఎస్టీ, టీడీఎస్ బిల్లులు సర్దడం, ఆర్టిస్టుల డేట్లు, కాల్‌షీట్లు తయారు చేయడం, లొకేషన్ పర్మిషన్లకు దరఖాస్తులు. ఎక్సెల్ బాగా వచ్చిన కుర్రాడు గానీ అమ్మాయి గానీ మొదటి వారంలోనే పనికొస్తారు. షూటింగ్ ఆగినా ఆఫీసు తెరిచే ఉంటుంది, కాబట్టి మీ రెండు నెలలు వృథా కావు. కంపెనీకి లెటర్‌హెడ్ ఉంటుంది, సంతకం పెట్టే ఆఫీసర్ ఉంటాడు. సినిమా మొత్తం ఒక్క చోట నుంచి కనిపించేది కూడా ఇక్కడే, 24 క్రాఫ్టుల (సినిమాలో పని విభాగాల) వాళ్లూ డబ్బుల కోసం ఆ టేబుల్ దగ్గరికి రావాల్సిందే. పెద్ద నిర్మాణ సంస్థల్లో స్క్రిప్టులు చదివి రిపోర్టు రాసే పని కూడా ఉంటుంది, తెలుగు బాగా చదివేవాళ్లు అది అడిగి చూడండి.

ఊర్లోనే ఉండి చేయగలిగేవి

అందరూ హైదరాబాద్ పోలేరు. ఇంట్లో ఒప్పుకోకపోవచ్చు, హాస్టల్ డబ్బులు లేకపోవచ్చు. అలాంటివాళ్లకు ఏమీ లేదనుకోవద్దు.

మొదటిది డిస్ట్రిబ్యూషన్, థియేటర్. ట్రేడ్ భాషలో మన ప్రాంతం సీడెడ్, సినిమా హక్కులు ఏరియాల వారీగా అమ్మేటప్పుడు నైజాం (తెలంగాణ వైపు ఏరియా) తర్వాత గట్టిగా వినిపించే పేరు. సీడెడ్ హక్కులు కొన్నవాళ్ల తరఫున థియేటర్లు బుక్ చేసేవాళ్లు, రోజూ కలెక్షన్ రిపోర్టులు తీసుకునేవాళ్లు మన ఊర్లలోనే తిరుగుతుంటారు. మీ ఊరి థియేటర్ మేనేజర్‌ను అడిగితే ఎవరో తెలుస్తుంది. మినిమమ్ గ్యారంటీ అంటే ఏమిటి, అడ్వాన్స్ మీద ఆడించడం అంటే ఏమిటి, థియేటర్‌కు అద్దె ఇవ్వాలా పర్సంటేజీ ఇవ్వాలా అని 2025 వేసవిలో ఎగ్జిబిటర్లు ఎందుకు గొడవ పడ్డారు, 100 రూపాయలు, ఆ లోపు టికెట్ మీద 5 శాతం, అంతకు మించితే 18 శాతం జీఎస్టీ పడితే చివరికి నిర్మాత చేతికి ఎంత మిగులుతుంది, ఈ లెక్కలు తెలిసిన డైరెక్టర్లు చాలా తక్కువ. కామర్స్ పిల్లలకు ఇది మంచి ప్రాజెక్ట్ రిపోర్ట్ అవుతుంది, కాలేజీ కూడా సంతోషంగా ఒప్పుకుంటుంది.

రెండోది లొకేషన్ పని. బాహుబలి షూటింగ్ 2013 జులైలో మొదలైంది కర్నూలు దగ్గర ఓర్వకల్లు రాక్ గార్డెన్స్‌లోనే. గండికోట, బెలుం గుహలు, లేపాక్షి, పెనుకొండ, గుత్తి కోట, ఇవన్నీ యూనిట్లు చూసి వెళ్లే చోట్లు. యూనిట్ వచ్చినప్పుడు స్థానికంగా ఎవరో ఒకరు పర్మిషన్లు, వసతి, బండ్లు, జనం, భోజనాలు చూడాలి. గండికోట, లేపాక్షి లాంటివి కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉంటాయి, బెలుం గుహలు టూరిజం వాళ్లవి, జిల్లాలు 2022లో విడగొట్టాక బెలుం నంద్యాల జిల్లాలో, లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలో పడ్డాయి, ఏ ఫైలు ఏ ఆఫీసుకు పోవాలో తెలిసినవాడికి విలువ ఉంటుంది. కానీ దీన్ని నమ్ముకుని రెండు నెలలు ఖాళీగా కూర్చోవద్దు. యూనిట్ ఎప్పుడు వస్తుందో చెప్పలేం, వచ్చినా పది రోజులు ఉండి పోతుంది. పైగా 2020లో విడుదలైన సరిలేరు నీకెవ్వరు కోసం మన కొండారెడ్డి బురుజునే రామోజీ ఫిల్మ్ సిటీలో సెట్ వేశారు, కథ కర్నూలుదే అయినా పని హైదరాబాద్‌లో జరిగింది. యూనిట్ వస్తే చేరండి, ఆ లోపు వేరే పని చేతిలో పెట్టుకోండి.

మూడోది పెళ్లి వీడియోలు తీసే స్టూడియో. మే నెలలో ముహూర్తాలు ఉంటే వాళ్లకు ఊపిరాడదు, మనుషులు కావాలి, మీకు కెమెరా, గింబల్, డ్రోన్, లైట్లు, గంటల కొద్దీ ఫుటేజ్ ముట్టుకునే అవకాశం. రీటేక్ లేని షూటింగ్ అది, తాళి కట్టేది ఒక్కసారే, ఫోకస్ పోతే పోయినట్టే. ఆ టెన్షన్‌లో పని చేసినవాళ్లు సెట్‌కు వస్తే చేతులు వణకవు. సినిమాల్లో పనిచేసే ఎడిటర్లు, కెమెరా అసిస్టెంట్లు చాలామంది అక్కడి నుంచి వచ్చినవాళ్లే. రోజుకు కొంత డబ్బు కూడా ఇస్తారు. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉన్న పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే, మనస్ఫూర్తిగా చెప్తాను.

ఫ్రెండ్స్‌తో కలిసి షార్ట్ ఫిలిం తీయడం మంచిదే, తీయండి, కానీ దాన్ని ఇంటర్న్‌షిప్ అనుకోవద్దు. మీకంటే తెలిసిన మనిషి పక్కన లేకపోతే వచ్చిందే మళ్లీ మళ్లీ చేస్తారు.

డబ్బు ఎంత, ఎక్కడ ఉండాలి

డబ్బు కట్టించుకునే ఇంటర్న్‌షిప్ వద్దు. ఫీజు కట్టి చదివే కోర్సు వేరు, అది తప్పు కాదు. హైదరాబాద్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ వాళ్ల కాలేజీ 2011 నుంచి ఉంది, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు చిన్న కోర్సులు నడుపుతుంటారు, ఎవరు చెప్తారు, ఎంత ఫీజు, ఏం నేర్పుతారు అన్నది ముందే కనిపిస్తుంది. కానీ "ఫలానా పెద్ద సినిమాలో అసిస్టెంట్‌గా పెట్టిస్తాం, రిజిస్ట్రేషన్ ఇంత, యూనియన్ కార్డు కోసం ఇంత" అని వాట్సాప్‌లో అడిగేవాళ్లకు ఒక్క రూపాయి పంపొద్దు. నిజంగా మీతో పని చేయించుకునే ఆఫీసు ఏదీ మీ దగ్గర ముందుగా డబ్బు అడగదు.

జీతం ఆశించొద్దు. సెట్‌లో భోజనం, కొన్నిచోట్ల బేటా దొరుకుతుంది, ఆఫీసుల్లో చాలావరకు అదీ ఉండదు. యూసఫ్‌గూడ, కృష్ణానగర్, అమీర్‌పేట హాస్టళ్లలో భోజనంతో కలిపి షేరింగ్ గదికి నెలకు సుమారు 6,000 నుంచి 9,000 దాకా అవుతుంది, దాని మీద ఆటోలు, మెట్రో, టీలు. రెండు నెలలకు ఇంట్లో ఎంత అడగాలో ముందే లెక్క వేసుకోండి, మధ్యలో డబ్బు అయిపోయి తిరిగొచ్చేసిన పిల్లల్ని చూశాను. హాస్టల్ మాత్రం చోటు ఖాయం అయ్యాకే తీసుకోండి. అన్నపూర్ణ, రామానాయుడు స్టూడియోలు, ఫిల్మ్ నగర్ ఆఫీసులైతే యూసఫ్‌గూడ వైపు బాగుంటుంది, రామోజీ ఫిల్మ్ సిటీ విజయవాడ హైవే మీద ఊరికి ఆ చివర ఉంది, కృష్ణానగర్‌లో ఉండి రోజూ అక్కడికి పోతే సగం ప్రాణం దారిలోనే పోతుంది. కర్నూలు వాళ్లకు హైదరాబాద్ నాలుగైదు గంటల బస్సు, ఆదివారం ఇంటికి రావచ్చు. కడప వాళ్లకు వెంకటాద్రి ఉంది, రాత్రి ఎక్కితే పొద్దున కాచిగూడ, కానీ వేసవిలో బెర్త్ ముందే చేసుకోకపోతే దొరకదు.

అమ్మాయిలకు, వాళ్ల అమ్మానాన్నలకు. సినిమా ఫీల్డ్ అనగానే వద్దనే ఇళ్లు మన వైపు ఎక్కువే, ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆఫీసు ఉన్న, పని గంటలు ఉన్న చోటు ఎంచుకుంటే మాట్లాడటం సులువవుతుంది, వీఎఫ్ఎక్స్ స్టూడియో, నిర్మాణ సంస్థ ఆఫీసు ఆ లెక్కలో ముందుంటాయి. 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, ట్రైనీలకు కూడా అది వర్తిస్తుంది. చేరే ముందే ఆ కమిటీలో ఎవరున్నారని అడగండి, అది మీ హక్కు. మీటింగ్ ఆఫీసులోనే, పగటి పూటే. హోటల్ గదికో ఇంటికో రమ్మంటే వెళ్లొద్దు, ఎంత పెద్ద పేరు చెప్పినా సరే. అబ్బాయిలకు కూడా ఇదే మాట.

మరి ఎవరు ఏది

ఒక వేళ నువ్వు బీటెక్ చదువుతూ, కాలేజీకి సర్టిఫికెట్ కచ్చితంగా కావాల్సిన పరిస్థితిలో ఉంటే వీఎఫ్ఎక్స్ స్టూడియో, అది దొరక్కపోతే ప్రోమోలు కట్ చేసే ఎడిటింగ్ స్టూడియో. కామర్స్ అయితే ప్రొడక్షన్ ఆఫీసు, హైదరాబాద్ కుదరకపోతే ఊర్లోనే డిస్ట్రిబ్యూషన్. డైరెక్టర్ కావాలని గట్టిగా ఉండి, కాలేజీ కాగితాల పట్టింపు లేకపోతే నేను ఎడిట్ రూమ్‌కే ఓటేస్తాను, ఆ తర్వాతే చిన్న సినిమా సెట్. రాసే అలవాటు ఉన్నవాళ్లు, తెలుగు బాగా వచ్చినవాళ్లు సీమ కథ తీస్తున్న టీమ్ కోసం వెతకండి, వాళ్లకు మాత్రం డైరెక్షన్ డిపార్ట్‌మెంటే సరైన చోటు. కెమెరా మీద మనసున్నవాళ్లు సినిమా కెమెరా అసిస్టెంట్ల వెనక పడటం కంటే ఈ వేసవికి పెళ్లి స్టూడియోలో చేయడం మంచిది, పెద్ద సెట్‌లో కెమెరాను ముట్టుకోనివ్వరు. చదువు అయిపోయి ఇక ఇదే బతుకు అనుకున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు రెండు నెలల లెక్క వేయరు, రెండేళ్ల లెక్క వేసి సెట్‌కు పోవచ్చు.

అడగడం ఫిబ్రవరిలో మొదలుపెట్టండి, ఏప్రిల్ చివర్లో అడిగితే ఉండవు. మెయిల్ పది లైన్లు దాటకూడదు. ఎవరు, ఏ ఊరు, ఏం చదువుతున్నారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరు, ఏ పని వచ్చు, చేసిన పని ఒక్కటి, దాని లింక్. పది చోట్లకు ఒకే మెయిల్ పంపితే తెలిసిపోతుంది, ఒక్కోదానికి ఒక్క వాక్యమైనా వేరుగా రాయండి, వాళ్లు చేసిన పని చూసి రాసినట్టు ఉండాలి. జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి, అంతకు మించి వద్దు.

ఎవరైనా సరే అన్నాక ఫోన్‌లో నాలుగు అడగండి. నాకు పని చెప్పేది ఎవరు, మొదటి వారం నేను చేసేది ఏమిటి, షూటింగ్ ఆగితే నేను ఆఫీసుకు రావచ్చా, చివర్లో కంపెనీ లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ ఇస్తారా. మొదటి ప్రశ్నకు ఒక మనిషి పేరు చెప్పకుండా "వచ్చేయ్ బ్రో, చూసుకుందాం" అంటే ఇంకో చోట అడిగి ఉంచుకోండి. పేరు చెప్తే, వీలైతే ఆ మనిషితో ఒకసారి మాట్లాడాకే టికెట్ తీసుకోండి.